పాత ఆల్టో వేడెక్కాక ఐడ్లింగ్ పడిపోతుంటే: రేస్ స్క్రూ తిప్పే ముందు చూడాల్సినవి

ప్రశ్న: 2006 మోడల్ ఆల్టో, పెట్రోల్ బండి, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ విజయవాడ వన్‌టౌన్ నుంచి గుంటూరు వెళ్లొస్తాను. పొద్దున స్టార్టింగ్ బాగానే ఉంటుంది. వేడెక్కాక ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాక ఇంజన్ తిరిగే వేగం) పడిపోతోంది. ఏసీ వేసుకుని కాజ టోల్ దగ్గరో, వారధి ట్రాఫిక్‌లోనో ఆగితే స్టీరింగ్ వణుకుతుంది, ఒక్కోసారి ఇంజన్ ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది. ఒక మెకానిక్ రేస్ (ఇంజన్ వేగం) పెంచే స్క్రూ తిప్పాడు. రెండు వారాలు బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది. ఇంకొకాయన ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె) పోయిందంటున్నాడు. ఇంజన్ లైట్ వెలగట్లేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

ఈసీఎం మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు రాసినదాంట్లో మూడు సంగతులు కలిసి కనిపిస్తున్నాయి. బండి వేడెక్కాలి, ఏసీ వేసి ఉండాలి, మీరు ఆగి ఉండాలి. ఈ మూడూ కలిసినప్పుడే ఇబ్బంది వస్తోందంటే ముఖ్యంగా రెండు దారులు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాక ఇంజన్‌కి అందాల్సిన గాలి సరిగా అందకపోవడం ఒకటి. ఆ గాలితో మోయగలిగినదానికన్నా ఎక్కువ లోడ్ ఇంజన్ మీద పడటం రెండోది. పదిహేనేళ్లు దాటిన బళ్లలో, మన ఎండల్లో, రెండూ కొంచెం కొంచెం కలిసే ఉంటాయి. అందుకే ఒకటి సరిచేస్తే సగం తగ్గి, "బాగయింది" అనుకునేలోపు మళ్లీ వస్తుంది.

ఆటోనగర్‌లో చాలా ఏళ్లు ఇంజెక్షన్ బళ్ల పని చేశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. ఇందులో చాలావరకు మీరే ఇంటి ముందు చూసుకోవచ్చు.

కాలు తీయగానే థ్రాటిల్ బాడీలో (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలో) ఉండే బటర్‌ఫ్లై ప్లేటు దాదాపు పూర్తిగా మూసుకుంటుంది. అప్పుడు ఇంజన్ బతకాలంటే ఆ ప్లేటు అంచున మిగిలిన సన్నటి సందులోంచి కొంత గాలి, పక్కనున్న చిన్న దారిలోంచి కొంత గాలి వెళ్లాలి. ఆ పక్కదారిని తెరిచి మూసేదే ఐడిల్ కంట్రోల్ వాల్వు. ఏసీ వేసినా, హెడ్‌లైట్లు వేసినా, ఇంజన్ చల్లగా ఉన్నా, ఈసీఎం ఆ వాల్వును కాస్త ఎక్కువ తెరిచి రేస్ నిలబెడుతుంది. పెట్రోల్ ఎంత కొట్టాలన్నది గాలిని బట్టి లెక్కేసుకుంటుంది. కాబట్టి ఇంజెక్షన్ బండిలో, మూడు సిలిండర్లూ కొడుతూ ఐడ్లింగ్ తక్కువగా ఉందంటే ముందు చూడాల్సింది గాలి. పెట్రోల్ పంపు, ఇంజెక్టర్లు తర్వాత. పంపు బలహీనపడితే ముందు తెలిసేది పికప్‌లో, హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు. మీకు ఆ ఇబ్బంది ఉన్నట్టు రాయలేదు.

ఇప్పుడు ఆ రేస్ స్క్రూ గురించి. బటర్‌ఫ్లై పూర్తిగా మూసుకుని బోరులో ఇరుక్కుపోకుండా ఆపడానికి ఫ్యాక్టరీలో పెట్టిన స్క్రూ అది. కార్బరేటర్ బళ్లలో దాంతో రేస్ పెంచేవాళ్లు కాబట్టి ఆ అలవాటు ఇంజెక్షన్ బళ్లకీ పాకింది. దాన్ని బిగిస్తే ప్లేటు కొంచెం తెరుచుకుని గాలి పెరుగుతుంది, రేస్ పెరిగినట్టే ఉంటుంది. కానీ లోపల మసి అలాగే ఉంది. అది ఇంకొంచెం పేరుకోగానే కథ మళ్లీ మొదటికి. పైగా ప్లేటు ఎంత తెరుచుకుందో చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ ఓల్టేజీ కూడా మారుతుంది. ప్లేటు మూసి ఉన్నప్పుడు సుమారు అర ఓల్టు చూపించాల్సింది ఎక్కువ చూపిస్తే, డ్రైవర్ కాలు పెడల్ మీదే ఉందని ఈసీఎం అనుకునే వీలుంది. అప్పుడు ఐడ్లింగ్ చూసుకునే బాధ్యతే అది వదిలేస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రేస్ మరీ ఎక్కువగా ఉంటోందా, గేరు మార్చడానికి క్లచ్ నొక్కినప్పుడు రేస్ వెంటనే దిగట్లేదా చూడండి. ఉంటే ఆ స్క్రూ పుణ్యమే. అయితే దాన్ని ఇప్పుడే వెనక్కి తిప్పకండి. మసి తీయకుండా వెనక్కి తిప్పితే బండి అసలు నిలబడదు.

ముందు ఐడ్లింగ్ నిజంగా ఎంతుందో తెలియాలి. ఆల్టోలో చాలా వేరియంట్లకు ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) మీటరు ఉండదు. "తక్కువగా ఉంది" అన్నది మనకు తోచిన మాట, అంతే. ఇంజన్ మౌంట్ రబ్బరు చిరిగితే సరైన రేస్‌లో కూడా స్టీరింగ్ వణుకుతుంది. మూడు సిలిండర్ల ఇంజన్‌కి వణుకు పుట్టుకతోనే ఉంది. ఈ తరం చిన్న బళ్లకు ఏసీ లేకుండా 800 నుంచి 900 దాకా, ఏసీ వేస్తే 950, 1000 దాకా ఉండాలి. మీ బండి మాన్యువల్లోనో బానెట్ కింద స్టిక్కర్ మీదో అంకె ఉంటే అదే లెక్క.

కొలవడానికి చవక బ్లూటూత్ స్కానర్ పనికొస్తుంది గానీ మీ బండికి పలుకుతుందని నమ్మకం లేదు. మన దేశంలో ఓబీడీ (బండి లోపాలను స్కానర్‌కి చెప్పే వ్యవస్థ) మొదటి దశ 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి వచ్చాయి. 2006 బండి అంతకు ముందుది. పాత మారుతీలకు పనికొచ్చే స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గర ఐదు నిమిషాల పని. లేదంటే ఫోన్‌తో ఒక ఉపాయం ఉంది. వైబ్రేషన్ కొలిచే యాప్ ఏదైనా వేసుకుని, ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఫోన్‌ను డాష్‌బోర్డు మీద బోర్లా పెట్టండి. సెకనుకు ఎన్ని ప్రకంపనలో హెర్ట్జ్‌లలో గీతలు వస్తాయి. సిలిండర్లలో పెట్రోల్ పేలే లయకు వచ్చేది పేలుడు గీత. మూడు సిలిండర్ల ఇంజన్‌కి దాన్ని 40తో గుణిస్తే ఆర్‌పీఎం. అంటే 20 హెర్ట్జ్ దగ్గర గీత ఉంటే 800, 15 దగ్గర ఉంటే 600. దాని కింద ఇంకో గీత కూడా కనిపించొచ్చు, 20కి జతగా 13 పైన ఒకటి. అది ఇంజన్ తిరిగే వేగం, దాన్ని 60తో గుణిస్తే అదే 800 వస్తుంది. రెండు లెక్కలూ కలిస్తే మీ కొలత సరైనదే. వీటికి కింద ఏడు హెర్ట్జ్ ప్రాంతంలో ఇంకో గీత బలంగా కొడుతుంటే ఒక సిలిండర్ సరిగా కొట్టట్లేదేమో అని అనుమానించాలి. నాలుగు సిలిండర్ల బండి ఉన్నవాళ్లు పేలుడు గీతను 30తో గుణించుకోండి.

ఇక పరీక్ష. బండి బాగా వేడెక్కాక, ఇంటి ముందు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి చేయండి. ఏసీ ఆపి, హెడ్‌లైట్లు, బ్లోయరు ఒకేసారి వేయండి. రేస్ ఒక్క క్షణం తగ్గి మళ్లీ లేస్తే ఐడిల్ వాల్వు తన పని తాను చేస్తున్నట్టే. తగ్గి అక్కడే ఉండిపోతే వాల్వు కదలట్లేదు, లేదా కదిలినా గాలి వెళ్లే దారి లేదు. తర్వాత లైట్లు ఆపి ఏసీ బటన్ నొక్కండి, చెవి పెట్టి వినండి. కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ను నొక్కే పంపు) "టక్" మని పట్టుకునే సమయానికి రేస్ కాస్త పెరగాలి. అసలు పెరగకుండా పట్టుకోగానే కుంగితే ఒక రకం. మొదట బాగానే నిలబడి, రెండు మూడు నిమిషాలయ్యాక మెల్లమెల్లగా కుంగిపోతే పూర్తిగా వేరే రకం. ఈ తేడా తెలుసుకోకుండా పార్టులు మార్చేవాళ్లే ఎక్కువ.

మెల్లగా కుంగే రకం సంగతి ముందు చెబుతాను. మీ కాజ టోల్ కథ నాకు అలాగే అనిపిస్తోంది. హైవే మీద ఎనభైలో వెళ్తున్నంతసేపు ఎదురుగాలి కండెన్సర్‌ను (బండి ముందుండే, ఏసీ వేడిని బయటికి వదిలే జాలీని) చల్లబరుస్తుంది. టోల్ లైన్లో ఆగగానే ఆ పని ఫ్యాన్ ఒక్కటే చేయాలి. ఫ్యాన్ తిరగకపోయినా, నీరసంగా తిరిగినా, కండెన్సర్ రెక్కల్లో దుమ్ము కూరుకుపోయినా గ్యాస్ ప్రెషర్ పెరిగిపోతుంది. ఆ ప్రెషర్‌ను నెట్టడానికి కంప్రెసర్‌కి బలం ఎక్కువ కావాలి. ఆ బలం ఇచ్చేది ఐడ్లింగ్‌లో ఉన్న 796 సీసీ ఇంజన్. మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు దాని అవస్థ ఊహించుకోండి. గుంటూరు వైపు తిరిగే బళ్ల కండెన్సర్లు విప్పితే పత్తి లారీల నూగు, వానాకాలం పురుగులు, ఎర్రదుమ్ము కలిసి నలుపెక్కిన కంబళిలా ఉంటాయి.

దీన్ని తేల్చడానికి పైసా ఖర్చు లేదు. ఏసీ వేసి, రేస్ కుంగడం మొదలయ్యాక, ముందు గ్రిల్‌లోంచి కండెన్సర్ మీద మాత్రమే ఒకటి రెండు మగ్గుల నీళ్లు మెల్లగా పోయండి. ఇంజన్ మీద, వైర్ల మీద పడనివ్వకండి, తిరిగే ఫ్యాన్‌కి చేతులు దూరంగా ఉంచండి. నీళ్లు పడగానే ఇంజన్ తేలికపడి రేస్ లేచిందా, జబ్బు ఏసీ వైపు ఉంది. కంప్రెసర్ పట్టుకున్నప్పుడు కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో కళ్లతో చూడండి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, కనెక్టరు, మోటారు బ్రష్‌లు ఆ వరుసలో చూడాలి. తిరుగుతుంటే కండెన్సర్‌ను లోపలివైపు నుంచి బయటికి తక్కువ ప్రెషర్ నీళ్లతో కడిగించండి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. గ్యాస్ ఎక్కువ నింపినా ఇదే గొడవ. ఏసీ చల్లగా రావట్లేదని ఎవరైనా గేజ్ పెట్టకుండా "కొంచెం టాప్అప్" చేశారేమో గుర్తుచేసుకోండి.

ఇక కంప్రెసర్ పట్టుకోగానే కుంగే రకం. ఏసీ లేని మోడల్‌కి తర్వాత బయట ఏసీ పెట్టించిన బళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వాటిలో కంప్రెసర్‌కి కరెంటు ఇస్తారు గానీ, ఏసీ వేశామని ఈసీఎంకి చెప్పే వైరు కలపరు. పాపం ఈసీఎంకి సంగతి తెలియదు, రేస్ ముందుగా పెంచదు. ఇది వైరింగ్ పని, మంచి ఏసీ ఎలక్ట్రీషియన్‌కి చెబితే అర్థమవుతుంది.

ఇప్పుడు మసి తీసే పని. ఏసీ పరీక్షలో ఏం తేలినా సరే, మీ బండికి ఇది చేయాల్సిందే. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివ్ విప్పండి. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే రబ్బరు గొట్టం ఊడదీస్తే థ్రాటిల్ బాడీ నోరు కనిపిస్తుంది. యాక్సిలరేటర్ కేబుల్ లివర్‌ను చేత్తో తిప్పితే ప్లేటు తెరుచుకుంటుంది. ప్లేటు అంచునా, అది ఆనే చోట బోరు చుట్టూ నల్లటి జిగురు వలయం ఉంటుంది. ఆ వలయమే మీ గాలి దొంగ. కార్బ్ క్లీనర్ స్ప్రేను మెత్తని గుడ్డ మీద కొట్టి తుడవండి. లోపలికి నేరుగా ఎడాపెడా కొట్టేస్తే స్ప్రే షాఫ్ట్ వెంబడి సెన్సర్‌లోకి పోతుంది. ఉప్పుకాగితం, స్క్రూడ్రైవర్ మొన, ఇనుప బ్రష్ దగ్గరకి రానివ్వకండి. బోరు మీద గీత పడితే ఆ సందు ఇక పూడదు. కొన్ని కంపెనీల బళ్లలో అక్కడ ప్రత్యేకమైన పూత కూడా ఉంటుంది, అది పోతే మళ్లీ రాదు. ఈమధ్య కేబుల్ లేకుండా మోటారుతో తెరుచుకునే థ్రాటిల్ బళ్లు వచ్చాయి. అవి ఉన్నవాళ్లు కీ ఆన్‌లో ఉండగా ప్లేటును వేలితో తోయకండి.

ఐడిల్ వాల్వు థ్రాటిల్ బాడీకే బిగించి ఉంటుంది. దాని కనెక్టరు తీసి, స్క్రూలు విప్పి బయటికి లాగితే కింద ఒక రబ్బరు రింగో ప్యాకింగో ఉంటుంది, అది చిరగకుండా చూసుకోండి. ఆ స్క్రూలు ఇన్నేళ్లలో పట్టేసి ఉంటాయి. తలకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ లేకుండా మొదలుపెడితే తల అరిగిపోయి డ్రిల్లింగ్ దాకా పోతుంది. వాల్వు సూదిని, అది కూర్చునే రంధ్రాన్ని, పక్కదారి మొత్తాన్నీ గుడ్డతో, చెవి బడ్స్‌తో శుభ్రం చేయండి. సూదిని బలంగా లోపలికి నొక్కడం, బయటికి పీకడం చేయకూడదు, లోపల మర పళ్లు విరుగుతాయి. వాల్వును మొత్తంగా పెట్రోల్ గిన్నెలో నానబెట్టే పద్ధతి ఒకటి ఉంది. మోటారు కాయిల్‌ని చేతులారా చంపుకోవడమే అది.

అన్నీ తిరిగి బిగించాక రేస్ స్క్రూ సంగతి చూడాలి. స్క్రూను ప్లేటు పూర్తిగా మూసుకునేదాకా వెనక్కి విప్పి, లివర్‌కీ స్క్రూ మొనకీ మధ్య పలచటి కాగితం ముక్క పెట్టి, కాగితం కొంచెం పట్టుకునేదాకా మాత్రమే బిగించండి. మీటరు ఉంటే సెన్సర్ ఓల్టేజీ అర ఓల్టు ప్రాంతంలోకి వచ్చిందో లేదో చూడండి. బ్యాటరీ నెగటివ్ పదీ పదిహేను నిమిషాలు తీసి ఉంచితే ఈసీఎం మసి రోజుల్లో నేర్చుకున్న లెక్కలు చాలావరకు మర్చిపోతుంది. తర్వాత స్టార్ట్ చేసి, ఏసీ, లైట్లు లేకుండా రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా వదిలేయండి. ఆపైన ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు. మొదటి రోజు రేస్ కాస్త ఎక్కువగా ఉండి, తిరుగుతుంటే సర్దుకుంటుంది. కంగారుపడి మళ్లీ స్క్రూ పట్టుకోకండి.

శుభ్రం చేశాక కూడా లైట్ల పరీక్షలో రేస్ లేవకపోతే వాల్వు మార్చాల్సి రావొచ్చు. నా అభిప్రాయం అడిగితే, ఊరూ పేరూ లేని కొత్త డూప్లికేట్ కన్నా ఆటోనగర్‌లో స్క్రాప్ బండి నుంచి తీసిన అసలు కంపెనీ వాల్వే నయం. పార్టు మీది నంబరు మీ పాతదానితో కలవాలి, పెట్టి చూసి పనిచేయకపోతే తిరిగి తీసుకునే ఒప్పందం మీదే కొనండి.

ఇక కరెంటు. మల్టీమీటరు ఉంటే బ్యాటరీ దగ్గర ఇంజన్ ఆపి 12.6 ఓల్టులకు దగ్గరగా, నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. ఐడ్లింగ్‌లో లైట్లు, బ్లోయరు వేస్తే 13 కిందికి పడిపోతుంటే ఆల్టర్నేటర్ బ్రష్‌లు, బెల్టు బిగువు, ఎర్త్ చూపించండి. బ్యాటరీ నీరసపడితే ఆల్టర్నేటర్ దాన్ని నింపడానికి ఇంజన్‌ను మరింత పీడిస్తుంది. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న బండిలో ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పినప్పుడు రేస్ దభీమని పడితే అనుమానం ఇటే. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని విప్పి, తుప్పు గీకి, గట్టిగా బిగించడం పది నిమిషాల పని.

ఇక్కడే ఒకటి అడగాలి. ఈ బండి 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో ఎక్కడుంది? లేదా ఆ తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారా? సింగ్‌నగర్ వైపు అప్పుడు నీళ్లలో నిలబడ్డ బళ్లు కడిగి, సీట్లు ఆరబెట్టి, చేతులు మారాయి. సీటు పట్టాల కింద, కార్పెట్ అడుగున బురద గీత కనిపిస్తే, సెన్సర్ల కనెక్టర్లు ఒక్కొక్కటీ విప్పి పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందేమో చూడాలి. అలాంటి బండి విషయంలో మాత్రం మీ రెండో మెకానిక్ ఈసీఎం మాటను కొట్టిపారేయను. అప్పుడైనా పెట్టె మార్చేముందు దాని కనెక్టరు, ఎర్త్ పాయింట్లు చూడమనండి.

ఇంజన్ లైట్ వెలగట్లేదన్నారు. కీ ఆన్ చేసి, స్టార్ట్ చేయకముందు అది వెలగాలి. అప్పుడూ వెలగకపోతే బల్బు పోయింది, లేదా అమ్మినవాళ్లు తీసేశారు. అలాంటప్పుడు "లైట్ రాలేదు కాబట్టి సెన్సర్లు బాగున్నాయి" అనుకోవడానికి లేదు.

సెన్సర్లలో ఐడ్లింగ్‌ను ఎక్కువగా చెడగొట్టేవి రెండు. ఒకటి ఇంజన్ వేడి చెప్పే కూలెంట్ సెన్సర్. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. పాత మారుతీ ఇంజన్లలో 20 డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర కిలో ఓమ్‌ల మధ్య, 80 డిగ్రీల దగ్గర మూడు వందల ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. విజయవాడలో ఎండాకాలం 20 డిగ్రీలు ఫ్రిజ్‌లో తప్ప దొరకవు కాబట్టి, పొద్దున చల్లని ఇంజన్ మీద ఒకసారి, వేడెక్కాక ఒకసారి కొలిచి తేడా చూస్తే చాలు. దీనికి తోడుగా మన ఊళ్లలో ఒక దురలవాటు ఉంది. "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకండీ" అని, ఇంజన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కి వెళ్లకుండా ఆపే ఆ వాల్వును పీకి పారేస్తారు. హైవే మీద ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, ఈసీఎం ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, ప్లగ్గులు నల్లబడతాయి, మైలేజీ పోతుంది. మీ బండిలో అది ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే పెట్టించండి, రెండో మాట లేదు.

రెండోది మ్యాప్ సెన్సర్. ఇన్‌టేక్‌లో వాక్యూమ్ ఎంతుందో చూసి, దాన్నిబట్టి గాలి లెక్క కడుతుంది. దానికి సన్నటి రబ్బరు పైపు ఉన్న మోడల్ అయితే, ఆ పైపు పగిలినా ఊడినా ఇంజన్ మీద భారీ లోడ్ ఉందనుకుని పెట్రోల్ కుమ్మరిస్తుంది. నల్లపొగ, పెట్రోల్ వాసన, గుడగుడ కొట్టుకునే ఐడ్లింగ్, ఇవి దాని గుర్తులు.

వాక్యూమ్ లీకు గురించి అందరూ చెబుతారు కాబట్టి ఒక మెలిక చెప్పి వదిలేస్తాను. మీ ఆల్టో లాంటి మ్యాప్ సెన్సర్ బండిలో ఎక్కడో గాలి లీకైతే సాధారణంగా రేస్ పెరుగుతుంది. దొంగగాలి వచ్చిన కొద్దీ సెన్సర్ దాన్ని లెక్కలోకి తీసుకుని పెట్రోల్ కూడా పోయిస్తుంది. గాలిని ఫిల్టర్ దగ్గరే కొలిచే సెన్సర్ ఉన్న బళ్లలోనూ, కార్బరేటర్ బళ్లలోనూ అయితే లీకైన గాలికి తగ్గ పెట్రోల్ రాదు, ఐడ్లింగ్ పడిపోయి మిస్సింగ్ (సిలిండర్ సరిగా కొట్టకపోవడం) వస్తుంది. అందుకని మీ బండిలో లీకు వెతుకుతూ రోజంతా గడపక్కర్లేదు. వెతికినా, వేడి ఇంజన్ మీద మండే స్ప్రే కొట్టకుండా నీళ్ల స్ప్రే బాటిల్‌తో వెతకండి.

మిస్సింగ్ ఉందేమో తేల్చడం తేలిక. మూడు సిలిండర్లలో ఒకటి నీరసపడితే మూడోవంతు బలం పోయినట్టే. ఐడ్లింగ్‌లో ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటీ తీసి పెట్టండి. ఏది తీసినప్పుడు రేస్ తగ్గదో ఆ సిలిండరే పనిచేయట్లేదు. ప్లగ్గు వైరు పీకి చూసే పాత పద్ధతిలో షాక్ కొట్టడమే కాక కాయిల్ కూడా పోవచ్చు. రాత్రిపూట చీకట్లో బానెట్ ఎత్తితే పాత ప్లగ్గు వైర్ల చుట్టూ నీలి మెరుపులు కొన్నిసార్లు కంటికే కనిపిస్తాయి, కనిపిస్తే సెట్టు మొత్తం మార్చడమే. ప్లగ్గుల గ్యాప్ మాన్యువల్ ప్రకారం పెట్టించండి.

ఇక మెకానిక్‌లు ఎక్కువగా మర్చిపోయేది టాపెట్లు, అంటే వాల్వులకీ వాటిని నొక్కే మీటలకీ మధ్య ఉండాల్సిన సన్నటి గ్యాప్. రాకర్ స్క్రూతో సరిచేసే పాత మారుతీ ఇంజన్లలో, ముఖ్యంగా ఎల్పీజీ కిట్ మీద తిరిగిన బళ్లలో, ఎగ్జాస్ట్ వాల్వు సీటు అరిగి వాల్వు పైకి జరుగుతుంది. గ్యాప్ పూడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడెక్కి లోహం సాగాక వాల్వు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ కారిపోయి ఐడ్లింగ్ కుంగుతుంది, రేస్ ఇస్తే మామూలుగా అనిపిస్తుంది. మీ లక్షణాలతో ఇదీ కలుస్తుంది, గమనించండి. టాపెట్ గ్యాప్ ఎక్కువైతే టకటకమని చప్పుడు వస్తుంది, అందరూ పట్టించుకుంటారు. గ్యాప్ తక్కువైతే ఇంజన్ ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది, "ఇంజన్ భలే స్మూత్" అని సంతోషపడతాం, ఈలోపు వాల్వు మాడిపోతుంది. చల్లని ఇంజన్ మీద ఫీలర్ గేజ్‌తో మాన్యువల్ అంకె ప్రకారం పెట్టించండి. ఆ చేత్తోనే కంప్రెషన్ కొలిపించండి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచి, ప్లగ్గులన్నీ తీసి. సిలిండర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఒక కిలో (చదరపు సెంటీమీటరుకు) ప్రెషర్‌కి మించి తేడా ఉండకూడదు. మూడూ సమానంగా ఉండి, మూడూ తక్కువగా ఉంటే టైమింగ్ బెల్టు ఒక పన్ను జారిందేమో చూడమనండి. ఈమధ్య బెల్టు మార్పించి ఉంటే ఆ అనుమానం ఇంకా బలం.

కార్బరేటర్ ఉన్న పాత మారుతీ 800 వాళ్లకు కూడా రెండు ముక్కలు. కీ ఆన్ చేసినప్పుడు కార్బరేటర్ మీది సోలనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వు) "టిక్" మనాలి, అనకపోతే ఐడిల్ జెట్‌కి పెట్రోలే వెళ్లదు. టిక్ మంటే ఐడిల్ జెట్ విప్పి గాలి కొట్టించండి, తీగ పెట్టి పొడవద్దు. ఏసీ ఉంటే రేస్ పెంచే డయాఫ్రమ్, దాని వాక్యూమ్ పైపు చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. దానికి గాలి నిష్పత్తి మారుతుంది, కార్బరేటర్ తనంతట తాను సర్దుకోలేదు. పాత సెట్టింగ్ మీద మిక్స్చర్ కాస్త పలచబడుతుంది కాబట్టి మిక్స్చర్ స్క్రూ కొంచెం విప్పి మళ్లీ ట్యూన్ చేయించాల్సి రావొచ్చు. పాత రబ్బరు పెట్రోల్ పైపులు పగుళ్లు ఇచ్చాయేమో కూడా అప్పుడే చూపించండి. అది ఐడ్లింగ్ కోసం కాదు, నిప్పు భయానికి.

మీ బండికి నేను చెప్పే వరుస ఇది. ఈ ఆదివారం పొద్దున లైట్ల పరీక్ష, ఏసీ పరీక్ష, నీళ్ల పరీక్ష. అదే రోజు బండి చల్లారాక థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వు శుభ్రం చేసి, స్క్రూ దాని చోటికి తెచ్చేయండి. స్ప్రే డబ్బా, ఒక పాత బనియన్ గుడ్డ తప్ప ఖర్చు లేదు. ఎర్త్ పట్టీ కూడా చూసేయండి. తర్వాత ఒక వారం మామూలుగా గుంటూరు వెళ్లిరండి. అప్పటికీ వేడి మీద 700 దాటకపోతే టాపెట్లు, కంప్రెషన్ చూపించండి. మెకానిక్‌ను "బాగుందా" అని అడగకుండా, మూడు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాసివ్వమని అడగండి. బండి ఎల్పీజీ మీద ఎప్పుడైనా తిరిగిందా, థర్మోస్టాట్ ఉందా, ఏసీ కంపెనీదా బయటదా, ఈ మూడు సంగతులతో పాటు ఆ అంకెలు ఇక్కడ పెట్టండి. ఈసీఎం గురించి అవి చూశాక మాట్లాడదాం.